నల్లరాయి ఉల్కేనా? మైక్రోస్కోపు కింద తేల్చే తీరు

మలికిపురం చుట్టుపక్కల నేలంతా గోదావరి మేట వేసిన ఒండ్రే. కొబ్బరితోటలో బరువైన నల్లరాయి దొరికిందంటే అది ఎక్కడినుంచో వచ్చిందే. అయస్కాంతం అంటుకుంది కదా అని ఉల్కగా లెక్కకట్టకండి. అంతర్వేది తీరపు నల్ల ఇసుకలోని మాగ్నటైట్‌నూ అయస్కాంతం లాగుతుంది, ఇనుప చిట్టేన్నీ లాగుతుంది. అసలు గుట్టు ఇనుములో కలిసిన నికెల్‌లో ఉంటుంది.

1. కోత: ఒక అంచునుంచి గోరంత ముక్క చాలు. మిగతా రాయిని ముట్టుకోవద్దు. వజ్రపు బ్లేడుతో నిదానంగా కోయాలి. వేడెక్కితే లోపలి అల్లిక చెడుతుంది.

2. మెరుగు: ముక్కను ఎపాక్సీలో బిగించి, ఉప్పు కాగితం మీద ముతకనుంచి నున్నకు వెళ్లాలి. కాగితం మార్చినప్పుడల్లా ముక్కను అడ్డంగా తిప్పి, పాత గీతలు పోయేదాకా రుద్దాలి. ఆపైన 6, 3, 1 మైక్రాన్ల వజ్రపు పేస్టు. చివర ఆల్కహాల్‌తో కడగాలి. మన గాలిలో తేమ ఎక్కువ, తుప్పు త్వరగా పడుతుంది. సిలికా జెల్ వేసిన డబ్బాలో దాచాలి.

3. ఆసిడ్‌కు ముందు చూపు: ఈ మెట్టు దాటవేయకండి. పైనుంచి కాంతి పడే మైక్రోస్కోపు కింద నికెల్ ఇనుము తళతళా తెల్లగా ఉంటుంది. దాని పక్కన ఇనుము, గంధకం కలిసిన ట్రోయిలైట్ లేత గోధుమ-గులాబి ఛాయలో కనిపిస్తుంది. మాగ్నటైట్ బూడిదరంగు. ఆసిడ్ తగిలాక ఈ రంగులు మళ్లీ చూడాలంటే మళ్లీ మెరుగు పెట్టాల్సిందే.

4. నైటాల్: 98 మి.లీ. ఇథనాల్‌లో 2 మి.లీ. నైట్రిక్ ఆసిడ్‌ను మెల్లగా కలపాలి. చేతికి గ్లోవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. గాలాడే చోటే చేయాలి. కొన్ని సెకన్లు తగిలించి, ఆల్కహాల్‌తో కడిగి ఆరబెట్టాలి. నికెల్ 4నుంచి 7.5 శాతం దాకా ఉండే కామసైట్ మసకబారుతుంది. అందులో సన్నని సమాంతర గీతలు కనిపిస్తే అవి న్యూమన్ గీతలు, గట్టి దెబ్బ తిన్న గుర్తు. నికెల్ 20 శాతం పైబడిన టీనైట్ అంచులు మెరుస్తూనే ఉంటాయి. చాలా ఇనుప ఉల్కల్లో ఈ రెండూ తడిక అల్లికలా పట్టీలు కడతాయి. దాన్నే విడ్మాన్‌స్టాటెన్ అల్లిక అంటారు.

5. తీర్పు: అల్లిక లేదని రాయిని పారేయకండి. 1870లో అప్పటి విశాఖ జిల్లాలో పడిన నెడగొల్ల ఇనుప ఉల్క అటాక్సైట్ రకం. ఆ రకంలో ఈ పట్టీలు కనబడవు. నికెల్ ఎంతుందో ఎలక్ట్రాన్ మైక్రోప్రోబ్‌తో కొలిపించాలి. దొరికిన చోటు, తేదీ రాసిపెట్టి, రాయిని జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు అప్పగించండి. దేశంలో పడిన ఉల్కలను భద్రపరిచేది ఆ సంస్థే.