స్ట్రోక్స్‌టౌను జమీ

ఐర్లండు దేశమున రాస్‌కామన్ మండలములో స్ట్రోక్స్‌టౌను అను చిన్న పట్టణము కలదు. అందలి విశాలమైన వీథి కొనయందు మాహన్ వంశమువారి మేడ నిలిచియున్నది. 17వ శతాబ్దిలో, క్రామ్‌వెల్ యుద్ధములకు పిదప, ఈ వంశమువారికి ఇచట భూములు దక్కెను. 1800లో హార్ట్‌లండ్ ప్రభువు అను బిరుదము లభించెను. వంటయింటినుండి గుఱ్ఱపుసాలకు తిరుగు నౌకరులు దొరల కంట బడకుండుటకై ఆ మేడకు ఒక సొరంగమును కట్టించిరి. ఆ జమీ ఎట్టిదో తెలిసికొనుటకు ఈ యొక్క సంగతి చాలును!

కౌలు రైతులకు ఉర్లగడ్డయే అన్నము. పండించిన ధాన్యము కౌలు చెల్లించుటకే పోవుచుండెను. 1845లో ఆ గడ్డకు తెగులు సోకినది. ఆ యేడే డెనిస్ మాహన్ జమీకి వారసుడయ్యెను. అతనికి సంక్రమించినవి భూములే కావు, పెద్ద కౌలు బకాయిలు కూడ. పైగా బీదల పోషణ పన్నులో చిన్న కమతములవారి వంతును జమీందారే చెల్లింపవలెనని నాటి చట్టము. అతని ఏజెంటు లెక్క వేసి చూచెను. రైతులను బీదలశాలలో ఒక సంవత్సరము పోషించుటకగు వ్యయములో ఇంచుమించు సగముతో వారిని కెనడాకు పంపివేయవచ్చునట! అంకెలవఱకు ఆ లెక్క సరియైనదే.

1847 మే నెలలో 1,490 మంది, పిల్లలతోను ముసలివారితోను, డబ్లిను నగరమునకు కాలినడకను బయలుదేరిరి. అచటినుండి లివర్‌పూలు చేరి ఓడలెక్కిరి. వాటిలో ‘వర్జీనియస్’ అను ఓడలోనివారు 476 మంది. అందు 158 మంది నడిసముద్రముననే మరణించిరి. ఒడ్డు చేరినవారిలోను పెక్కురు జ్వరపీడితులే.

ఆ యేడు నవంబరు 2వ తేదీ సాయంకాలము, బండిలో ఇంటికి మరలుచున్న డెనిస్ మాహన్‌ను తుపాకితో కాల్చి చంపిరి. మరుసటి యేట ఇద్దరిని ఉరితీసిరి. హత్యను మేము మెచ్చుకొనము. కాని ఆ తుపాకి దెబ్బను మాత్రమే చెప్పి ఓడలను విడిచిపెట్టినచో అది సగము చరిత్రయే యగును.

20వ శతాబ్దిలో భూచట్టముల మూలమున పొలములు చాలవఱకు రైతుల పరమయ్యెను. 1979లో మేడను సయితము అమ్మివేసిరి. కొన్న వ్యక్తి ఆ యూరి మోటారు వ్యాపారియే. అతనికి కావలసినది స్థలము మాత్రమే. కాని లోపల కాగితముల కట్టలు కనబడెను. వానిలో 1846లో క్లూనహీ కౌలుదారులు పంపుకొన్న విన్నపమొకటి. గడ్డలు కుళ్ళినవి, గింజలు లేవు, పిల్లల యాకలి యేడ్పులను ఇక సహింపజాలము, పని యిప్పింపుడని వారు వేడుకొనిరి. దానిని చదివిన పిదప అతడు మేడను, కాగితములను కాపాడ నిశ్చయించెను. 1994లో ఐర్లండు దేశపు క్షామ ప్రదర్శనశాలను అచటనే తెఱచిరి. దొరల గుఱ్ఱములను కట్టిన సాలలే దానికి గదులైనవి.