మియూరా: ఒక ఇటలీ కారు చరిత్ర

ఒక వస్తువు అందముగా నుండుట వేఱు, నమ్మదగినదై యుండుట వేఱు. మొదటి గుణము కంటికి వెంటనే తెలియును. రెండవది వాడుకలో గాని తేలదు. ఈ రెండును ఒకేచోట కుదురుటకు ఎంత శ్రమయు ఎంత కాలమును పట్టునో తెలిసికొనుటకు, ఇటలీ దేశమున 1966 మొదలు 1973 వఱకు తయారైన ‘లంబోర్గిని మియూరా’ అను కారు చక్కని ఉదాహరణము. విద్యార్థులు భౌతికశాస్త్రమున చదువుకొను ఒక సూత్రము కూడ ఈ కథలో ఇమిడి యున్నది.

ట్రాక్టరులనుండి కార్లకు

ఉత్తర ఇటలీలో పో నది ప్రవహించు మైదానము వ్యవసాయమునకు పేరుగన్నది. ఆ మైదానమున చెంటో పట్టణ సమీపముననున్న రెనాట్సో గ్రామమునందు, ద్రాక్షతోటలు సాగుచేయు కుటుంబములో, 1916వ సంవత్సరమున ఫెరూచ్చో లంబోర్గిని జన్మించెను. చిన్ననాటినుండియు ఆయనకు తోటపనికంటె యంత్రములపైననే మక్కువ. రెండవ ప్రపంచయుద్ధ కాలమున రోడ్సు ద్వీపమున సైనిక వాహనములను మరమ్మతు చేయు పనిలో నుండెను. యుద్ధము ముగిసిన పిమ్మట, సైన్యము వదలివేసిన పాత వాహనముల భాగములను కొని, వానితో రైతులకు చౌకగా ట్రాక్టరులు చేసియిచ్చెను. 1948లో ఆయన స్థాపించిన ట్రాక్టరుల కర్మాగారము కొలది యేండ్లలోనే పెద్దదయ్యెను.

ధనవంతుడైన ఫెరూచ్చో వేగముగల కార్లను కొని నడపుచుండెను. తాను కొన్న ఫెరారీ కారులోని లోపములు తనకు నచ్చలేదనియు, తానే అంతకంటె మేలైన కారును చేయింపదలచితిననియు ఆయన తరువాతి కాలమున చెప్పుచుండెడివాడు. 1963లో సాంతాగాతా బొలొన్యేసే అను గ్రామమున కార్ల కర్మాగారమును నెలకొల్పెను. జోత్తో బిజ్జరీని అను ఇంజనీరు దానికొఱకు పన్నెండు సిలిండర్ల యంత్రమును రూపొందించెను. ఆ యంత్రముతో తొలి కార్లు 1964లో అమ్మకమునకు వచ్చినవి.

ముగ్గురు యువకులు

ఫెరూచ్చోకు పందెములపై ఆసక్తి లేదు. దూరప్రయాణములకు సుఖముగా నుండు కార్లే ఆయన కోరినవి. కాని ఆయన కర్మాగారములోని ముగ్గురు యువకుల మనస్సు పందెపు కార్లపై నుండెను. వారిలో జాన్ పావొలో దల్లారా ప్రధాన ఇంజనీరు. పావొలో స్తాంత్సాని ఆయనకు సహాయకుడు. న్యూజిలాండు దేశమునుండి వచ్చిన బాబ్ వాలెస్ కార్లను నడిపి పరీక్షించువాడు. ముగ్గురును ముప్పది యేండ్లలోపు వారే. పగలు యజమాని చెప్పిన పని చేయుచు, తీరిక వేళలలో తమ ఊహలోని కారునకు రూపకల్పన చేయసాగిరి. తమ ఆలోచనను యజమాని ముందుంచగా, ఆయన వారిని వారింపలేదు. పందెములలో పాల్గొనరాదన్న నియమము పెట్టి, పని సాగింపుడని అనుమతించెను.

బరువు ఎచ్చట నుండవలెను?

ఆ కాలమున పెద్ద యంత్రముగల కార్లలో చాలవఱకు యంత్రము ముందుభాగమున నుండెడిది. పందెపు కార్లలో మాత్రము 1950వ దశకము చివరకు మార్పు వచ్చెను. నడుపువాని వెనుక, వెనుక ఇరుసునకు ముందుగా యంత్రమును నిలుపు పద్ధతి జయములు సాధించెను. ఇందలి కారణమును కావడి దృష్టాంతముతో గ్రహింపవచ్చును.

కావడిబద్ద రెండు కొసలకు నీళ్ళకుండలు వ్రేలాడదీసికొని నడచువాడు గిఱ్ఱున ప్రక్కకు తిరుగజాలడు. తిరిగినను వెంటనే ఆగజాలడు; కుండలు వానిని ఇంకను త్రిప్పివేయును. ఆ కుండలనే రెండు చేతులతో రొమ్మునకు హత్తుకొన్నచో, బరువు మాఱదు గాని తిరుగుటయు ఆగుటయు సులభమగును. తిరుగు వస్తువునందు బరువు ఎంత యున్నదనుటయే గాక, ఆ బరువు నడిమికి ఎంత దూరమున నున్నదనుటయు ముఖ్యము. దీనినే శాస్త్రమున జడత్వ భ్రామకము అందురు. కారు మలుపు తిరుగునప్పుడును ఇదే సూత్రము వర్తించును. అన్నిటికంటె బరువైన యంత్రము నడిమికి దగ్గఱగా నున్నచో, కారు నడుపువాని చేతికి త్వరగా లొంగును.

అయితే పన్నెండు సిలిండర్ల యంత్రము పొడవైనది. దానిని నిలువుగా నుంచి, దాని వెనుక గేరుపెట్టెను బిగించినచో కారు మిక్కిలి పొడవగును. అప్పటికి 1959లో ఇంగ్లండున అలెక్ ఇసిగోనిస్ రూపొందించిన ‘మినీ’ అను చిన్నకారులో యంత్రమును అడ్డముగా నమర్చి చోటు కలిసివచ్చునట్లు చేసియుండిరి. దల్లారా ఆ యుక్తినే పన్నెండు సిలిండర్ల పెద్ద యంత్రమునకు ఉపయోగించెను. యంత్రమును గేరుపెట్టెను ఒకే లోహపు పోతలో చేర్చి, కూర్చుండువారి వీపు వెనుక అడ్డముగా నిలిపెను. యంత్రపు ఘనపరిమాణము 3,929 ఘన సెంటీమీటర్లు. శక్తి 350 అశ్వశక్తులు.

రూపము కుదిరిన విధము

1965 నవంబరులో టూరిన్ నగరపు ప్రదర్శనమునందు పైతొడుగు లేని ఉక్కు చట్రమును మాత్రమే చూపిరి. బరువు తగ్గుటకై రేకునిండ రంధ్రములు చేసియుండిరి. పైరూపము లేకున్నను కొందఱు కొనుగోలుదారులు ముందుకు వచ్చిరి. పైతొడుగు పని నూచ్చో బెర్తోనె గారి సంస్థకు అప్పగింపబడెను. అచ్చట మార్చెల్లో గాందీని అను ఇరువదియేడేండ్ల యువకుడు కొలది నెలలలో రూపచిత్రమును పూర్తిచేసెను. 1966 మార్చిలో జెనీవా ప్రదర్శనమున నారింజరంగు కారు నిలువగా జనులు విరగబడి చూచిరి. వ్యవధి చాలమిచే యంత్రము అందులో ఇముడునో లేదో సరిచూడకయే, దాని స్థానమున బరువులుంచి, మూతకు తాళము వేసి చూపిరని చెప్పుదురు.

కారు ఎత్తు సుమారు 105 సెంటీమీటర్లు మాత్రమే; పెద్దవారి నడుము దాటి కొంచెము పైకి వచ్చును. వెలిగింపని వేళ దీపములు ముందు మూతపై వెల్లకిల పండుకొని యుండును. వాని చుట్టు నల్లని రేకులు కనురెప్పల వెండ్రుకలవలె నుండును. వెనుకభాగమున అడ్డపలకలు వరుసగా నమర్చిరి. అవి అలంకారమునకు మాత్రమే కాదు. యంత్రపు వేడి వానిసందులనుండి వెలికిపోవును. స్పెయిన్ దేశమున సెవిల్ ప్రాంతమునందు పోట్లగిత్తల పెంపకమునకు ప్రసిద్ధికెక్కిన మియూరా వంశము పేరే ఈ కారునకు పెట్టిరి. తలుపులు రెండును తెఱచి ముందునుండి చూచినచో గిత్త కొమ్ములు జ్ఞప్తికి వచ్చునని పలువురందురు.

లోపములు, సవరణలు

ఇంతటి అందగత్తెకును లోపములు లేకపోలేదు. పెట్రోలు తొట్టి ముందుభాగమున నుండుటచే, పెట్రోలు తఱిగిన కొలది ముందువైపు తేలికయై, మితిమీరిన వేగమున చక్రములకు నేలపై పట్టు సడలెడిది. యంత్రమునకును గేరులకును ఒకటే నూనె యగుటచే, గేరుల పండ్లనుండి రాలిన లోహపు పొడి యంత్రమునకు చేటు చేయు ప్రమాదముండెను. పెట్రోలు చింది కొన్ని కార్లు అగ్నికి ఆహుతియైనవి. యంత్రము వీపు వెనుకనే యుండుటచే వేడిమియు ధ్వనియు లోనివారిని బాధించెడివి.

ఆ యువకులు పొగడ్తలతో తృప్తిపడి ఊరకుండలేదు. వాలెస్ వేల కిలోమీటర్లు నడిపి లోపములు చెప్పుచుండగా, కర్మాగారమున ఒక్కొక్కటిగా సవరించిరి. చట్రమునకు మందమైన రేకు వాడిరి. 1968లో ‘ఎస్’ అను రకము వచ్చెను. దాని శక్తి 370 అశ్వశక్తులు. 1971లో వచ్చిన ‘ఎస్.వి.’ రకమున శక్తి 385 అశ్వశక్తులకు పెరిగెను. వెనుక చక్రములు వెడల్పైనవి. దీపముల చుట్టునున్న రెప్పలు తీసివేయబడెను. చివరి కార్లలో యంత్రపు నూనెను గేరుల నూనెను వేఱుచేసిరి. జనులు మెచ్చిన రూపము నాలుగైదు నెలలలో సిద్ధమయ్యెను. దానికి తగిన నమ్మకము కుదుర్చుటకు ఆఱేడు సంవత్సరములు పట్టెను. మొత్తము చేసిన కార్లు సుమారు 760 మాత్రమే. నేడు ‘ఎస్.వి.’ రకమునకే ఎక్కువ గిరాకి యుండుట ఆ ఓర్పునకు లభించిన ఫలము.

ఫెరూచ్చో 1970వ దశకమున తన సంస్థను ఇతరులకు అమ్మి, ఉంబ్రియా ప్రాంతమున ట్రాసిమేనో సరస్సు చెంత ద్రాక్షతోటలు పెంచుచు, 1993లో కన్నుమూసెను. దల్లారా తరువాత సొంతముగా పందెపు కార్ల సంస్థను స్థాపించి విఖ్యాతుడయ్యెను. గాందీని ఇంకను ఎన్నో కార్లకు రూపమిచ్చి 2024లో మరణించెను.

తీరిక వేళల కృషి, పెద్దల అనుమతి, తప్పును దాచక దిద్దుకొను బుద్ధి: ఈ మూడును కలిసినందుననే ఆ కారు పేరు నిలిచినది. బాలురు చేయు వింత ప్రయత్నములను వెంటనే వారింపక, ఒక హద్దు చూపి సాగనిచ్చుట తల్లిదండ్రులకును తగును.

ఆలోచింపుడు

1. యంత్రమును కారు నడిమికి దగ్గఱగా నుంచుటవలన మలుపులలో కలుగు లాభమేమి? కావడి దృష్టాంతముతో వివరింపుడు.
2. పెట్రోలు తొట్టిని కూడ నడిమికి దగ్గఱగా నుంచినచో ఏ లోపము తగ్గెడిది?
3. మీరు వాడు వస్తువులలో అందమును ఉపయోగమును ఒకే భాగమున కలిసియున్న దానిని ఒకటి వర్ణింపుడు.