‘జానే భీ దో యారో’ – హాస్యాలంబన విచారము

అనౌచిత్యమే హాస్యమునకు విభావమని అభినవగుప్తుని మతము. అయినను శవమును ఆలంకారికులు కరుణ బీభత్సములకే విడిచిరి. శవము హాస్యమునకు ఆలంబనము కాగలదా యను సందేహమునకు 1983లో వెలువడిన ‘జానే భీ దో యారో’ యను హిందీ చలనచిత్రము పరిశీలింపదగియున్నది.

జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థ స్వల్పవ్యయముతో నిర్మించిన యీ చిత్రము కుందన్ షా దర్శకత్వమున వెలువడిన తొలి కథాచిత్రము. బొంబాయిలో భవన నిర్మాత యొకడు మునిసిపల్ కమీషనరును హత్యచేసిన సంగతిని ఇద్దరు పేద ఛాయాగ్రాహకులు తాము తీసిన చిత్రమునందే కనుగొందురు. సాక్ష్యమగు శవముకొఱకు జరుగు పెనుగులాట తుదకు మహాభారత నాటకరంగము నెక్కును. శవము ద్రౌపది యగును. కౌరవపక్షమువారే వస్త్రాపహరణమును మానుకొందురు.

ఇచట మృతునికై దుఃఖించువా రొక్కరును లేరు. ఒకరికది సాక్ష్యము, మఱియొకరికి అపాయము. కావున నవ్వునకు ఆలంబనము శవము కాదు, దాని నీడ్చుకొని తిరుగు సజీవులే. అనౌచిత్యము మరణమునందు గాక వారి ప్రవర్తనమునందున్నది.

ప్రహసనమున సాధారణముగా కపటము బయటపడి నవ్వుతో ముగియును. ఇందు దోషులు రాజీపడి నేరమును నిరపరాధులపై మోపుదురు. ఖైదీదుస్తులలో ఛాయాగ్రాహకులు కనబడినంతనే హాస్యము కరుణమునకు తావిచ్చును. ఈ పరిణామమే చిత్రమునకు గౌరవము కూర్చినది.