పాత కంప్యూటర్‌ను పక్కన పెట్టే ముందు...



మీ ఇంట్లో పిల్లలు వాడే కంప్యూటర్‌లో విండోస్ 10 ఉందా? దానికి మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అదనపు అప్‌డేట్ల కోసం నమోదు చేసుకున్నవారికి మాత్రం 2026 అక్టోబర్ 13 వరకు గడువుంది. ఆ తర్వాత కూడా కంప్యూటర్ ఎప్పటిలాగే పనిచేస్తుంది. కానీ కొత్తగా బయటపడే భద్రతా లోపాలను సరిచేసే అప్‌డేట్లు రావు. అదే కంప్యూటర్‌లో మీరు బ్యాంకు లావాదేవీలు కూడా చేస్తుంటే ఇది వాయిదా వేయదగ్గ విషయం కాదు. అలాగని వెంటనే కొత్తది కొనాల్సిన పనీ లేదు. మీ ముందు మూడు దారులున్నాయి.

1. విండోస్ 11

దీనికి కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్, మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉన్న ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. మైక్రోసాఫ్ట్ వారి ‘పీసీ హెల్త్ చెక్’ ఉచిత యాప్ మీ కంప్యూటర్ సరిపోతుందో లేదో చెబుతుంది. ‘టీపీఎం లేదు’ అని వస్తే నిరాశపడకండి. కొన్ని కంప్యూటర్లలో అది ఉండి కూడా సెట్టింగ్స్‌లో ఆఫ్ చేసి ఉంటుంది. తెలిసినవారితో ఒకసారి చూపించండి.

2. లినక్స్ మింట్

ఇది ఉచితం. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత కంప్యూటర్‌లోనూ నడుస్తుంది. మెనూ, టాస్క్‌బార్ విండోస్‌ను పోలి ఉంటాయి కనుక పిల్లలు త్వరగా అలవాటు పడతారు. స్క్రాచ్, పైథాన్, జియోజెబ్రా, లిబ్రె ఆఫీస్ అన్నీ ఇందులో పనిచేస్తాయి. తెలుగు టైపింగ్‌కు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ ఉంది. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో ఏళ్ల తరబడి లినక్స్ మీదే కంప్యూటర్ పాఠాలు సాగుతున్నాయి. అయితే టాలీ, అను ఫాంట్లతో చేసే డీటీపీ వంటి పనులు ఇంట్లో ఉంటే విండోసే మేలు.

3. క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్

ఇది గూగుల్ ఉచితంగా ఇస్తున్నది. ఆన్‌లైన్ క్లాసులు, గూగుల్ డాక్స్, యూట్యూబ్ పాఠాలకు చాలు. ఎక్కువ పనులకు ఇంటర్నెట్ ఉండాలి. ఫోన్‌లోని ఆండ్రాయిడ్ యాప్‌లు ఇందులో రావు.

ఎలా నిర్ణయించుకోవాలి?

కంప్యూటర్ వయసు చూసి కాదు, దానితో మీకున్న పని చూసి. ఒక కాగితం తీసుకుని ఇంట్లో అందరూ వాడే ప్రోగ్రామ్‌లు రాయండి. ప్రింటర్, స్కానర్‌లనూ చేర్చండి. మీ పిల్లలు రాసే ఆన్‌లైన్ పరీక్షల సాఫ్ట్‌వేర్‌ను మర్చిపోకండి. కొన్ని విండోస్‌లోనే పనిచేస్తాయి.

తర్వాత 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో లినక్స్ మింట్ గానీ క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ గానీ వేసి, దాని నుంచే కంప్యూటర్ ఆన్ చేసి చూడవచ్చు. పెన్‌డ్రైవ్‌లో అంతకుముందున్న ఫైళ్లు మాత్రం చెరిగిపోతాయి, ఖాళీది వాడండి. ‘ఇన్‌స్టాల్’ నొక్కనంతవరకు మీ విండోస్, ఫైళ్లు అలాగే ఉంటాయి. వైఫై, సౌండ్, కెమెరా, ప్రింటర్ పనిచేస్తున్నాయో లేదో ఒక ఆదివారం పిల్లలతో కలిసి పరీక్షించండి. అన్నీ సరిపోతేనే మార్చండి. మార్చే ముందు ఫొటోలు, ప్రాజెక్టులు, సర్టిఫికెట్లు ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లో తప్పక దాచుకోండి.

ఈ పరీక్ష బాధ్యత మీ పిల్లలకే అప్పగించి, మీరు పక్కన కూర్చోండి. కంప్యూటర్ లోపల ఏం జరుగుతుందో వాళ్లకు చేతులతో నేర్చుకునే పాఠమవుతుంది.