పోటీ పరీక్షల ప్రత్యేకం: మోంగ్‌ల వెండి కంటె

మోంగ్‌లు లావోస్, వియత్నాం, థాయ్‌లాండ్, దక్షిణ చైనా కొండల్లో ఉంటారు. చైనా వీరిని మియావో జాతిలో కలిపి లెక్కిస్తుంది, తికమకపడొద్దు. ముఖ్య ఆభరణం వెండి కంటె. దాని గొలుసులకు తాళంకప్ప ఆకారపు బిళ్ల రొమ్ము మీద వేలాడుతుంది. ఉత్త సోకు కాదది. ఆత్మ దేహాన్ని విడిచిపోకుండా వేసిన తాళమని నమ్మకం. అందుకే పసిబిడ్డ ఆత్మను పిలిచే క్రతువులోనూ మెడకు వెండి వేస్తారు.

వెండి కడ్డీలు కన్యాశుల్కంగానూ చెల్లేవి. కొత్త సంవత్సర వేడుకల్లో అమ్మాయిల నడికట్లకు కుట్టిన నాణేలు అడుగు తీస్తే గలగలమంటాయి. వాటిలో ఫ్రెంచి ఇండోచైనా పియాస్టర్లూ కనిపిస్తాయి. 1975 తర్వాత లావోస్ నుంచి వలసెళ్లినవారితో ఈ అలంకారం అమెరికాలోని మినెసోటా, కాలిఫోర్నియాలకూ చేరింది.

గుర్తుంచుకోండి: మియావో వెండిపనిని 2006లో అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది చైనా ప్రభుత్వం, యునెస్కో కాదు.