చిత్రం వెనుక ఉన్న రాత్రి

ఆలంగాయం నుండి జవ్వాది కొండల మీదికి వెళ్లే దారిలో కావలూరు అనే చిన్న గ్రామం ఉంది. పూర్వం వేలూరు జిల్లాలో ఉండిన ఈ ప్రాంతం 2019లో కొత్తగా ఏర్పడిన తిరుపత్తూరు జిల్లాలో చేరింది. సముద్రమట్టానికి సుమారు 725 మీటర్ల ఎత్తున, అడవుల నడుమ ఉన్న ఈ చోట రాత్రిపూట చీకటి చిక్కగా ఉంటుంది. ఆ చీకటినే వెదకుకొంటూ వచ్చిన వైను బప్పు అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు ఇక్కడ వేధశాలను నెలకొల్పారు. 1968లో 38 సెంటీమీటర్ల దూరదర్శినితో పరిశీలనలు ఆరంభమైనాయి. నేడు ఆ వేధశాలను ఆయన పేరుతోనే పిలుస్తారు.

బప్పు పెరిగింది హైదరాబాదులో. ఆయన తండ్రి అక్కడి నిజామియా వేధశాలలో ఉద్యోగి. ఆకాశమంతటినీ ఛాయాచిత్రాలుగా తీసి నక్షత్రాల పట్టిక తయారు చేయాలని 1887లో పారిస్ నగరంలో వివిధ దేశాల శాస్త్రజ్ఞులు సంకల్పించారు. ఆ మహాకార్యంలో హైదరాబాదుకు కూడా ఒక వంతు లభించింది. అక్కడి వారు గాజు పలకల మీద ఆకాశాన్ని చిత్రించి, ఒక్కొక్క చుక్క స్థానాన్ని కొలిచి, ఆ అంకెలను పుస్తకాలకెక్కించారు. విసుగు పుట్టించే పనే. అయినా ఆ కొలతలు వృథా కాలేదు. 1989లో ఐరోపా వారు పంపిన హిప్పార్కస్ ఉపగ్రహం నక్షత్రాలను మళ్లీ కొలిచినప్పుడు, నక్షత్రాలు ఎంత జరిగాయో తెలుసుకోవడానికి ఆ పాత పట్టికలే ఆధారమైనాయి.

ఛాయాచిత్రం అంటే అందమైన దృశ్యం మాత్రమే కాదనీ, అది ఒక సాక్ష్యమనీ బప్పుకు బాగా తెలుసు. 1949లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయంలో చదువుతున్నప్పుడు, తాము తీసిన ఒక ఫలకంలో కొత్త తోకచుక్కను ఆయన కనుగొన్నారు. దానికి ఆయన పేరుతో పాటు బోక్, న్యూకర్క్ అనే మరి ఇద్దరి పేర్లు కూడా పెట్టారు. 1982లో బప్పు మరణించిన తరువాత కూడా కావలూరులో ఆ ఓపిక కొనసాగింది. 1988 ఫిబ్రవరి 17న ఆర్. రాజమోహన్ ఇక్కడి 45 సెంటీమీటర్ల ష్మిట్ దూరదర్శినితో ఒక లఘుగ్రహాన్ని కనుగొన్నారు. గణిత మేధావి రామానుజన్ పేరు దానికి పెట్టారు. లఘుగ్రహం చూపుకు నక్షత్రం లాగానే ఉంటుంది. ఒకే ఆకాశభాగాన్ని కొంత వ్యవధితో మళ్లీ మళ్లీ చిత్రించి పోల్చినప్పుడే, చుక్కలన్నీ నిలిచి ఉండగా అది ఒక్కటే జరిగినట్లు తెలుస్తుంది. ఏ చిత్రం ఏ నిమిషంలో తీసిందో వ్రాసి ఉంచకపోతే ఆ పోలికకు అర్థమే లేదు.

ఇంత శ్రమతో తీసిన చిత్రం కూడా నేరుగా లోకానికి చేరేది కాదు. ముందు తోటి శాస్త్రజ్ఞులు పరీక్షించాలి. ఆపై పత్రిక అచ్చు వేయాలి. కథకైనా, కవితకైనా, ఛాయాచిత్రానికైనా ఒకప్పుడు సంపాదకుడనే ద్వారపాలకుడు ఉండేవాడు. అతడు అన్ని వేళలా న్యాయంగానే ఉండేవాడని చెప్పలేము. పట్నంలో పరిచయాలు లేని పల్లెటూరి వాడి చిత్రం ఆ గడప దాటడం అరుదు.

ఆ గడప ఇప్పుడు లేదు. 2004లో ఫేస్‌బుక్, 2010లో ఇన్‌స్టాగ్రామ్ వెలసిన తరువాత, ఫోను ఉన్న ప్రతివాడూ తన పనికి తానే ప్రకాశకుడు. జవ్వాది కొండలలోని పిల్లవాడు తీసిన చిత్రాన్ని సాయంకాలానికి సముద్రాల ఆవల చూస్తారు. ఇది చిన్న మేలు కాదు. అయితే గడపతో పాటు పరీక్ష కూడా పోయింది. మాధ్యమం తన కొలతలను కూడా చిత్రకారుడి మీద రుద్దుతుంది. ఇన్‌స్టాగ్రామ్ తొలి ఐదేళ్లు చతురస్రాకారపు చిత్రాలనే అనుమతించింది. పొడవైన కొండ వరుసనైనా దానికోసం కత్తిరించవలసి వచ్చేది! ఎక్కువ మందికి నచ్చిన రంగులనే, నచ్చిన చోటులనే మళ్లీ మళ్లీ తీయాలనే ఆశ కూడా దాని వెంటే వస్తుంది. నెలల తరబడి ఒకే విషయం మీద పనిచేసేవాని చిత్రం, క్షణంలో తీసిన చిత్రం, రెండూ ఒకే వరుసలో, ఒకే వేలి కదలికకు పైకి జారిపోతాయి.

దీపావళి వచ్చిందంటే చాలు, అంతరిక్షం నుండి కనిపించే భారతదేశమంటూ రంగురంగుల దీపాల చిత్రం ఒకటి ఫోన్లలో తిరుగుతుంది. నిజానికి అది ఏ దీపావళికీ సంబంధించినది కాదు. అమెరికా ప్రభుత్వ శాస్త్రజ్ఞుడు ఒకరు అనేక సంవత్సరాల ఉపగ్రహ సమాచారాన్ని కలిపి 2003లో దానిని రూపొందించారు. 1992కు ముందే ఉన్న దీపాలకు తెలుపు, 1992లో కనిపించిన వాటికి నీలం, 1998 నాటి వాటికి ఆకుపచ్చ, 2003 నాటి వాటికి ఎరుపు వేశారు. జనాభా పెరిగిన తీరును చూపడం దాని ఉద్దేశం. 2012లో నాసా ఈ సంగతిని వివరించి, పండుగ రాత్రి పెరిగే వెలుగు అంతరిక్షం నుండి గుర్తించలేనంత స్వల్పమని తెలిపింది. అయినా ఆ చిత్రం తిరుగుతూనే ఉంది. చిత్రంలో అబద్ధం లేదు. తీసినవారి పేరు, కాలం, ఉద్దేశం ఊడిపోయిన చోట ఎవరో అబద్ధాన్ని అతికించారు.

చిత్రంలోనే కల్పన చేరే సందర్భాలు కూడా ఉన్నాయి. 2023లో ఒక వ్యక్తి చంద్రుని చిత్రాన్ని కావాలనే మసకబరచి, కంప్యూటరు తెర మీద ఉంచి, చీకటి గదిలో దూరం నుండి పేరున్న ఫోనుతో తీశాడు. తెర మీద లేని గుంటలు, మరకలు ఫోను చిత్రంలో స్పష్టంగా కనిపించాయి. చంద్రుడు ఎలా ఉంటాడో ముందే నేర్చుకొన్న యంత్రం వాటిని తానే పూరించింది. చూచుటకు అది బాగానే ఉంటుంది. కావలూరు ఫలకం చేసిన పనిని మాత్రం అది చేయలేదు. ఎందుకంటే అందులో కొత్త చుక్క ఎన్నటికీ కనిపించదు.

అలాగని సామాజిక మాధ్యమాలను తీసిపారవేయడం పొరపాటు. కెనడాలోని అల్బర్టా రాష్ట్రంలో ధ్రువకాంతులను చిత్రించే ఔత్సాహికులు తమ చిత్రాలను ఫేస్‌బుక్ బృందంలో పంచుకొనేవారు. వాటిలో ఊదారంగు పట్టీ వంటి వెలుగు ఒకటి తరచుగా కనిపించేది. దానికి వారు సరదాగా ‘స్టీవ్’ అని పేరు పెట్టారు. 2016లో శాస్త్రజ్ఞుల దృష్టి వాటి మీద పడింది. చిత్రాలు తీసిన చోటు, సమయం తెలిసి ఉండటం వల్ల ఉపగ్రహ కొలతలతో పోల్చగలిగారు. 2018లో పరిశోధన వ్యాసం వెలువడింది. ఆ వ్యాసకర్తలలో ఔత్సాహికులు కూడా ఉన్నారు.

కావలూరును నడిపే భారతీయ ఖగోళ భౌతిక సంస్థకే లడఖ్‌లోని హాన్లేలో మరొక వేధశాల ఉంది. అక్కడి ఇంజనీరు దోర్జే అంగ్‌చుక్ ఆకాశ చిత్రాలను సామాజిక మాధ్యమాలలోనే లోకానికి అందిస్తున్నారు. 2025లో ఆయన, నక్షత్రాలు నిలిచి ఉండగా భూమి తిరుగుతున్నట్లు కనిపించే చలనచిత్రాన్ని విడుదల చేశారు. నిమిషంలో చూసి ముగించే ఆ దృశ్యం కోసం ఆయన గడ్డకట్టే చలిలో రాత్రులు గడిపారు. పనిలో ఎదురైన ఇబ్బందులను కూడా దాచక వ్రాశారు.

ఇలా శ్రమించిన వాని పేరును తుడిచివేసి చిత్రాన్ని ముందుకు పంపడం ఇప్పుడు మామూలైంది. భారత కాపీరైటు చట్టం, 1957 ప్రకారం ఛాయాచిత్రం ఒక కళాకృతి. ఎక్కడా నమోదు చేయకపోయినా దాని మీద హక్కు ఏర్పడుతుంది. ఆ కృతి తనదేనని చెప్పుకొనే హక్కును కూడా చట్టం కర్తకు ఇచ్చింది.

కొడైకెనాల్‌లోని సౌరవేధశాలలో 1904 నుండి సూర్యుని చిత్రాలు తీస్తూ వచ్చారు. ఆ పాత ఫలకాలను ఇటీవల కంప్యూటరుకు ఎక్కించి, అంతర్జాలంలో అందరికీ అందుబాటులో ఉంచారు. నూరేళ్ల సూర్యుని మచ్చలను ఈనాడు ఏ దేశపు విద్యార్థి అయినా వరుసగా చూడవచ్చు. ఏ రోజున, ఏ వేళకు తీసినదో ఆ చిత్రాలతో పాటే భద్రంగా ఉంది.