ఎడారి లోయలలో చన్నీరు

అమెరికా దేశమున యూటా రాష్ట్రములో జయాన్ జాతీయోద్యానము కలదు. అచ్చటి ఇరుకు లోయలలో త్రాళ్లతో దిగుటకును, నీట ఈదుటకును యాత్రికులు వసంతారంభముననే బయలుదేరుదురు. ఎడారి గదా యని ఎండను చూచి దుస్తులు నిర్ణయించుకొనుట పొరపాటు. పైని ఎండ వేరు, లోయలోని నీరు వేరు. ఆ నీరు కొండమంచు కరగి వచ్చినదో, శీతకాలము నుండి గోతులలో నిలిచి ఎండపొడ ఎరుగనిదో అయియుండును.

నీరు గాలికంటె సుమారు 25 రెట్లు వేగముగా ఒంటివేడిని హరించును. చన్నీట దిగిన మొదటి నిమిషముననే అప్రయత్నముగా ఎగశ్వాస పుట్టును. కొంతసేపటికి వ్రేళ్లు మొద్దుబారును. త్రాటిముడి విప్పలేనివాడు గోతిలోనే చిక్కుకొనును. శరీరోష్ణము 35 సెంటిగ్రేడు డిగ్రీలకు దిగువకు పోయినచో మాట తడబడును, బుద్ధి మందగించును. ఆ స్థితి ప్రాణాంతకము కావచ్చును.

వెట్‌సూట్ అను రబ్బరు దుస్తు ఒంటిని పొడిగా నుంచునది కాదు. లోనికి చొచ్చిన పలుచని నీటిపొర ఒంటివేడికి వెచ్చబడును. రబ్బరులోని సన్నని బుడగలు ఆ వేడిని నిలుపును. వదులుదుస్తు నిష్ప్రయోజనము.

మోకాలిలోతు నీటిని ఒకమారు దాటుటకు ఇది అక్కరలేదు. ఈదవలసిన గోతులు పెక్కున్నచో తప్పక కావలెను. లోతు తెలియనిచో ఉన్నదనియే తలంచవలెను. అయితే ఎండలో నడచునప్పుడు దీనిని ధరింపరాదు, వడదెబ్బ తగులును. సంచిలో మోసికొనిపోయి నీటియొడ్డున తొడుగుకొనవలెను. వర్జిన్ నది ప్రవాహము సెకనుకు 150 ఘనపుటడుగులు మించినచో అధికారులు నారోస్ అను లోయను మూసివేయుదురు. అట్టి వరదకు ఏ దుస్తును రక్ష కాదు.